ఎర్ర జోళ్ళ కొలత

తుర్కులకు ఏనాడూ లొంగని కాన్‌స్టాంటినోపుల్, 1911. రాజభవనానికి జోళ్ళు కుట్టే స్టావ్రాకిస్ కొట్టు. వచ్చినవాడు అంతఃపురం చూసుకునే కంచుకి థియోక్టిస్ట్.

“మెల్లగా మాట్లాడవయ్యా! రహస్యమని చెప్పానా లేదా?”

“చెప్పారు దొరా. ట్రాములో కూడా అదే అనుకుంటున్నారు, రహస్యమని. యువరాణి గారిని ఉత్తరాది ఖజర్ల అరవై ఏళ్ళ రాజుకి కట్టబెడతారట, ఆయన మన సరిహద్దుకి పదివేల గుర్రాలు పంపుతాడట. బేరం బాగానే కుదిరింది. గుర్రాల పళ్ళు చూసుకున్నారా?”

“నోర్ముయ్. జోళ్ళు అయ్యాయా?”

“అయ్యాయి. ఎర్ర తోలు, ముత్యాల అంచు. మన రాజుగారి ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరు తొడిగినా కాళ్ళు తీసేస్తారుగా, భయంభయంగా కుట్టాను. కానీ తమరు పంపిన కొలత కాగితం...”

“కొలతకేమొచ్చింది?”

“అందులో ఎడమ కాలి చిటికెనవేలు పక్కకి తిరిగుంది. యువరాణి గారికి నాలుగో ఏటినుంచీ కుడుతున్నాను. ఆ వేలెప్పుడూ తిన్నగానే ఉండేది.”

“పెరిగే పిల్ల. మారదూ?”

“ఇరవై రెండేళ్ళకా? ఆ వేలొక్కటేనా?”

“నీకెందుకయ్యా ఆ...”

“మా అమ్మాయి అంథూసా కాలి మీద నుంచి బండిచక్రం పోయింది, ఆరేళ్ళప్పుడు. అచ్చం అలాగే తిరిగింది. దాన్ని యువరాణి గారి దగ్గర పనికి పెట్టుకుని, నెల్లాళ్ళుగా ఇంటికి పంపట్లేదు. ఏం నేర్పుతున్నారు దొరా? ఖజర్ల భాషా?”

“మెల్లగా! వీధిలో వింటారు.”

“చెప్పండి. రహస్యం నా దగ్గర పదిలంగా ఉంటుంది. ట్రాములో కూడా చెప్పను.”

“యువరాణి వెళ్ళనని తలుపేసుకుంది. ఆమె మొహం ఖజర్లెవరూ చూడలేదు. నీ కూతురు రాణి అవుతుందయ్యా! జోళ్ళు కుట్టుకునేవాడి కూతురు!”

“ఎంత దయ! ఎప్పుడైనా తెలిసిపోతే వాళ్ళు నరికే మెడ తమరిది కాదుగా.”

“ఎలా తెలుస్తుంది? ఓడ ఎక్కేముందు వాళ్ళ రాయబారి అందరి ఎదుటా ఈ జోళ్ళు తొడిగించి చూస్తాడు. పట్టినామె యువరాణి. అంతే, వాళ్ళ ఆచారం. సాయంత్రం తనే వచ్చి తీసుకుంటాడు. ఈలోగా ఒకసారి చూపించు.”

“సాయంత్రం దాకా ఆగలేదు దొరా. పొద్దున్నే వచ్చి, పెట్టెకి లక్క ముద్ర వేసుకుని పట్టుకుపోయాడు.”

“పోనీ. కొలత ప్రకారమే కుట్టావుగా?”

“తమరి కాగితం నాకెందుకో నచ్చలేదు. యువరాణి గారి పాత కాలి అచ్చు ఉందిగా, దాని మీదే కుట్టేశాను. వెళ్ళి ఆ తలుపేదో కొట్టుకోండి.”