నీలం తాళం

భోజనాల వేళ. ఇల్లాలు బల్ల మీద గిన్నెలు సర్దుతోంది. మార్కెట్లో బట్టలు కుట్టే షాపు నడిపే ఆడపడుచు చిట్టి అప్పుడే బాత్రూంలోంచి బయటికి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇంకా చెప్పలేదు.

"మీ అన్నయ్య నాతో కాపురం చేసేది పేరుకేనే చిట్టీ. అసలు కాపురం మునిసిపాలిటీతో. లేస్తూనే దాన్ని తిట్టడం, పడుకోబోతూ దాన్ని తిట్టడం. నన్ను అంత శ్రద్ధగా ఒక్కనాడైనా తిట్టారా?"

"వదినా, ఆ తువ్వాలు ఇలా ఇవ్వు."

"ఇదిగో. మా పుట్టింటికి నలిగిన చొక్కాతో వస్తారు. మునిసిపాలిటీకి అర్జీ ఇవ్వాలంటే మాత్రం ఇస్త్రీ చొక్కా కావాలి. అత్తరు ఒక్కటే తక్కువ. ఇంతకీ నువ్వేమిటి, ఇలా ఊడిపడ్డావు? రెండు నెలలైంది ఈ గడప తొక్కి."

"తలుపు తీసి ఉంది. వచ్చాను."

"అదా! ఆరిన బట్టలు తేవడానికి వెళ్ళొచ్చి గడియ వెయ్యడం మర్చిపోయాను. అయితే తలుపు తీసి ఉన్న ఇంట్లోకల్లా వెళ్తావా?"

"ఊరికే వచ్చాను వదినా."

"ఊరికే ఎవరూ ఇంత ఎండలో రారు. మీ అన్నయ్యకి ఏం వండిపెడుతున్నానో చూసి పోదామనా?"

"ఏం వండితే నాకెందుకు?"

"మరి? పలకరింపు లేదు, పాడు లేదు, సరాసరి బాత్రూంలోకి. సరేలే, మంచినీళ్ళు తాగు."

"వద్దు."

"ఎండనపడి వచ్చి నీళ్ళొద్దంటావేం? నేనేమీ కలపలేదు."

"వద్దంటే వద్దు వదినా. మళ్ళీ షాపుకి వెళ్ళాలి."

"షాపుకీ నీళ్ళకీ ఏమిటి సంబంధం?"

"ఉంది. నిన్న డాక్టరమ్మ కూడా ఇదే అడిగింది."

"డాక్టరమ్మా? ఏమైంది?"

"నీళ్ళు తాగకపోతే వచ్చే జబ్బట. ఇది మూడోసారి. ఇప్పుడు కిడ్నీ దాకా పోయింది, ఇంకోసారి వస్తే ఆస్పత్రిలో పడుకోవాలి అంది. రోజంతా మిషను ముందు కూర్చుంటావు, గుక్కెడు నీళ్ళు తాగడానికేం రోగం అని కేకలేసింది. ఏం చెప్పను? మా షాపుకి ఎదురుగా ఆడవాళ్ళ కోసం మునిసిపాలిటీ కట్టిన బాత్రూం ఉందండీ, నాలుగేళ్ళుగా దానికి తాళం ఉందండీ, కాబట్టి నాకు దాహం వెయ్యదండీ అని చెప్పనా?"

"అయ్యో. అందుకేగా మీ అన్నయ్య అన్ని అర్జీలు పెట్టింది!"

"ఆ అన్నయ్య కోసమే వచ్చాను. ఉన్నాడా?"

"ముందుగదిలో పడుకున్నారు. పడుకున్నారని అనలేనులే. నీ గొంతు వినబడ్డాకే గురక మొదలైంది. నాకప్పుడే అనుమానం వచ్చింది."

"నాకు పొద్దున్నే వచ్చింది. మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని దిగాడు. బాత్రూం గోడలు కొలిచాడు. ఏమిటండీ అంటే, ఇది వాడకంలో లేదమ్మా, నాలుగింటికి మనుషుల్ని తెచ్చి లోపలివన్నీ పీకేసి, మార్కెట్ కాంట్రాక్టరుకి సామాన్ల గదిగా ఇచ్చేస్తాం అన్నాడు."

"ఇవాళా?"

"ఇవాళే."

"నే చెప్పలా? ఆ కాంట్రాక్టరు మొహం చూస్తేనే నాకు అనుమానం. ఎవరో తిన్నారు. ఎవరో కాదు, అందరూ తిన్నారు."

"నేనూ అలాగే గొంతు చించుకున్నాను. తాళం మీరే వేస్తారు, వాడకంలో లేదని మీరే అంటారు, ఎవరి చెవిలో పువ్వు పెడదామని, అని. ఆయన తాపీగా, తాళం మాదని ఎవరన్నారమ్మా, అది మీ కాలనీ సంఘం వాళ్ళది, ఎందుకొచ్చిన గొడవని మేం ముట్టుకోలేదు అన్నాడు."

"అబద్ధం! నాలుగేళ్ళు తాళం వేసి ఉంటే, ఎవరిదో అడగరా? నోట్లో నాలుక లేదా?"

"మాకు పైనుంచి ఉత్తర్వు రాలేదు అన్నాడు."

"తాళం ఎవరిదయ్యా అని అడగడానికి ఉత్తర్వు కావాలా!"

"ఆగు వదినా, ఇంకా ఉంది. మునిసిపాలిటీ రంగే నీలం, నీలం తాళం మీది కాక ఎవరిది అన్నాను. తాళం పడ్డ ఏడు మా వాళ్ళు తలుపుకి నీలం రంగు వేస్తూ తాళానికీ వేసేశారమ్మా అన్నాడు. వాళ్ళు అంతేనట. తలుపు మీద బల్లి కూర్చుని ఉంటే దానికీ వేసేవారట."

"నమ్మావా?"

"నమ్మలేదు. అందుకే కత్తెర మొనతో తాళాన్ని గీకాను."

"కత్తెరతోనా! బంగారంలాంటి కత్తెర!"

"పాతదేలే. గీకితే కింద ఇత్తడి తేలింది. ఆ ఇత్తడి మీద... వదినా, నీ గోళ్ళరంగు ఏ రంగు?"

"ఇప్పుడు నా గోళ్ళ సంగతెందుకు?"

"చెప్పు."

"ఎరుపు. గోళ్ళకి వేసుకునే భాగ్యం ఎక్కడిది? పక్క వాటావాళ్ళ సామాను మన సామానులో కలవకుండా చుక్కలు పెట్టడానికే సరిపోతోంది."

"తెలుసు. ఈ ఇంట్లో గ్లాసు తిరగేస్తే చుక్క, చీపురు తిరగేస్తే చుక్క. అన్నయ్య అరికాలు ఒక్కటే నేను చూడలేదు."

"వేళాకోళాలు తర్వాత. తాళం మీద ఏముంది?"

"మూడు చుక్కలు. ఎర్రవి."

"మూడా?"

"వరసగా."

"మేడగది తాళం! చిట్టీ, అది మా మేడగది తాళమే!"

"పోయిందని ఇల్లంతా తిరగేశావే, అదే. అప్పుడు ఎవరిని అనుమానించావు?"

"ఎవర్నీ అనుమానించలేదు."

"మా ఆయన్ని."

"అనుమానించలేదు. అడిగానంతే."

"సంచీ విప్పి చూపించమన్నావు."

"సరదాకన్నానే! ఏవండీ! ఏవండోయ్! ఆ గురక ఆపి ఇలా రండి!"

"ఏమిటి గోల? ఇప్పుడే కాస్త కన్ను మూతపడింది. ఓ, చిట్టీ! ఎప్పుడొచ్చావు?"

"నువ్వు గురక మొదలెట్టేముందే అన్నయ్యా."

"ఏవండీ, మన మేడగది తాళం ఏమైంది?"

"అది పోయిందిగా."

"ఎక్కడికి పోయింది?"

"పోయిందంటే ఎక్కడికని చెబుతారు? పోయింది. మునిసిపాలిటీ చూస్తే అలా ఉంది, ఇంట్లో చూస్తే—"

"మునిసిపాలిటీ దగ్గరికే వస్తున్నాం. మార్కెట్ బాత్రూం తాళం ఎవరిది?"

"ఇంకెవరిది? వాళ్ళదే. నీలం తాళం. ఎన్నిసార్లు రాశాను!"

"దాని మీద నా చుక్కలు ఎలా వచ్చాయి?"

"ఏం చుక్కలు?"

"మూడు చుక్కలు."

"గోళ్ళరంగు ఊళ్ళో నీ ఒక్కదాని దగ్గరే ఉందా?"

"అన్నయ్యా, నాలుగింటికి దాన్ని కాంట్రాక్టరుకి ఇచ్చేస్తున్నారు. నిజం చెప్పు. ఆ తాళం నువ్వు వేశావా?"

"వేశానంటే... వెయ్యడమంటే... అది వేరే సంగతి."

"ఏ సంగతి?"

"కట్టిన కొత్తలో. ప్రారంభోత్సవానికి రిబ్బను కూడా కట్టారు. అంతలో ఎవడో ఓ కొళాయి విప్పుకుపోయాడు. నేను సంఘం అధ్యక్షుణ్ణి, చూస్తూ ఊరుకోనా? రెండు రోజుల మాట కదా అని మన తాళం తెచ్చి వేశాను. ముఖ్య అతిథి వస్తాడు, రిబ్బను కోస్తాడు, తాళం తీసేస్తాం అనుకున్నాను."

"వచ్చాడా?"

"రాలేదు. రెండోసారికి ముఖ్య అతిథి మారాడు. మూడోసారికి కమిషనరే మారాడు. ఆ తర్వాత చూస్తే తాళం నీలంగా ఉంది. చూశావా వెధవలు, నా తాళం పీకేసి వాళ్ళది వేసుకున్నారు అనుకున్నాను."

"ఎందుకనుకున్నారు?"

"ఎందుకేమిటి? వాళ్ళ మీద నాకు అనుమానం ఇవాళ కొత్తా?"

"దగ్గరికెళ్ళి చూడలేదా?"

"ఆడవాళ్ళ బాత్రూం దగ్గరికి నేనెలా వెళ్తానే? అధ్యక్షుణ్ణి!"

"అంటే నాలుగేళ్ళ పోరాటం రోడ్డుకి ఇవతల నిలబడే చేశారన్నమాట."

"ఇంత గట్టిగా అనకు. పక్క వాటావాళ్ళు వింటారు."

"విననీండి. ఈ ఊళ్ళో ప్రతి తాళం వెనకాలా దొంగలున్నారని చెప్పిన పెద్దమనిషి ఈయనేనని విననీండి!"

"వదినా, ఆయన్ని తర్వాత ఉతుకుదువుగాని. టైమవుతోంది. అన్నయ్యా, తాళంచెవి ఏది?"

"నా దగ్గరెందుకుంటుంది? ఆరోజే మీ వదినకిచ్చాను."

"నాకా? చిట్టీ, విన్నావా? ఇప్పుడు నా మీదికి తోస్తున్నారు!"

"నీ చేతిలో పెట్టాను. జాగ్రత్త, ఇది పోకూడదు అన్నాను. నా దగ్గర ఇంతవరకూ ఏదైనా పోయిందా అన్నావు నువ్వు."

"దేనిదో చెప్పారా?"

"నువ్వు అడిగావా?"

"వదినా, నీ గుత్తి ఇలా ఇవ్వు."

"నా గుత్తెందుకు? నా గుత్తిలో ఏది దేనిదో నాకు తెలియదా? ఇది బీరువాది. ఇది గ్యాసు గదిది. ఇది పాత బీరువాది, బీరువా లేదు, చెవి ఉంది. ఇది పెరటి తలుపుది."

"ఈ పొడుగుది?"

"అది దేనిదీ కాదు."

"దేనిదీ కానిది గుత్తిలో ఎందుకుంది?"

"డబ్బా మూతలు తియ్యడానికి. బిస్కట్ల డబ్బా ఉంది చూడు, దాని మూత బిగుసుకుపోతుంది. దీంతో ఇలా ఓ పోటు పొడిస్తే..."

"ఎన్నాళ్ళుగా పొడుస్తున్నావు?"

"చాలా..."

"అదే! అదేనే నేనిచ్చింది! చూశావా చిట్టీ, నాలుగేళ్ళుగా మునిసిపాలిటీ ఆస్తితో బిస్కట్లు తిన్నది ఎవరో!"

"మీరు తినలేదా? అయినా చిట్టీ, ఒక్క తాళం వల్లే అంత జబ్బు చేస్తుందా? నువ్వు రోజూ మధ్యాహ్నం ఇక్కడికి వచ్చేదానివి కదా. గుండీ కుట్టాలని ఓరోజు, కొలత చూడాలని ఓరోజు, ఏదో ఒక వంక. ఈ రెండు నెలలే మానేశావు. అప్పుడు రావలసింది."

"మానలేదు వదినా."

"అంటే?"

"వచ్చాను. మొదట్లో రోజూ వచ్చాను. లోపల గడియ పెట్టి ఉండేది."

"నిద్రపోయి ఉంటాను."

"రేడియో వినబడేది."

"రేడియో వింటూ నిద్రపోయి ఉంటాను."

"తలుపు కొట్టగానే ఆగిపోయేది."

"ఏమోయ్, రేడియో దానంతటదే ఎలా ఆగుతుంది?"

"మీరు ఊరుకోండి."

"ఆయన్నెందుకు అంటావు? నాకు తెలుసు వదినా. నేను అన్నయ్యకి చాడీలు మొయ్యడానికి వస్తున్నాననుకున్నావు. వంటింట్లోకి తొంగి చూడ్డానికి, నీ గిన్నెల కింద చుక్కలు లెక్కెట్టడానికి."

"మరెందుకు వచ్చేదానివి?"

"ఇప్పుడు రాగానే సరాసరి ఎక్కడికెళ్ళానో, అందుకే."

"ఆ మాట నోరు విప్పి చెప్పొచ్చుగా?"

"అన్నయ్య ఇంటికి బాత్రూం కోసం వస్తున్నానని ఎలా చెప్పను? గుండీ కుడతానని చెప్పడమే తేలిక. గడియ పడ్డాక నీళ్ళు మానేశాను. అంతే."

"చిట్టీ, నాకు ఈ సంగతి తెలియనే తెలియదమ్మా."

"నీకేం తెలుస్తుంది అన్నయ్యా, నువ్వు కమిషనరుకి అర్జీ రాస్తున్నావు. సరే, ఆ చెవి ఇవ్వండి, పోతాను. మీరు రాకపోయినా ఫర్వాలేదు."

"రాకపోవడమేమిటి? నేనూ వస్తాను. కానీ ఇన్‌స్పెక్టరుకి నేనేమని చెప్పను? మార్కెట్లో అంతమంది ముందు, తాళం నాదేనని... పోనీ, రంగు మీరు వేశారు కాబట్టి బాధ్యత మీదేనని ఓ అర్జీ—"

"ఇంకో అర్జీ రాశారంటే ఆ కాగితాన్ని ఉప్మాలో... వద్దు, ఏదో అనబోయాను. చెప్పులు వేసుకోండి. తాళం నాదే అంటారు. గట్టిగా అంటారు. రోడ్డుకి అవతలికి వెళ్ళి, తలుపు ముందు నిలబడి అంటారు. అప్పుడు ఆయన్ని అడగండి, నాలుగేళ్ళు కళ్ళెదుట తాళం ఉంటే ఎవరిదని అడగని ఆఫీసుకి, ఇవాళ టేపు ఎక్కణ్ణుంచి దొరికిందని. మనది మనం ఒప్పుకుంటేనే ఆ మాట అడగడానికి నోరొస్తుంది."

"చెవి మొన వంకరపోయింది. పడుతుందంటావా వదినా?"

"పడకపోతే సుత్తి ఉంది. మన తాళం మనం పగలగొట్టుకుంటే ఎవడడుగుతాడు? ఏవండీ, సుత్తి మంచం కింద ఉంది. చుక్క ఉన్నది తీసుకోండి."

"మరి ఆ రిబ్బనో? ఇంకా వేలాడుతూనే ఉంది. కమిషనరు లేకుండా..."

"నా దగ్గర కత్తెర ఉంది అన్నయ్యా."

"ఆగవే చిట్టీ, గుత్తిలోంచి రావడం లేదు. ఆ, వచ్చింది. ఇదిగో మార్కెట్‌ది. ఇది కూడా ఉంచు."

"ఇది పెరటి తలుపుదిగా? నాకెందుకు?"

"ఆ తలుపుకి లోపల గడియ లేదు. నేను వేద్దామనుకున్నా లేదు. ఎప్పుడొచ్చినా తాళం తీసుకుని లోపలికి రా. గుండీలూ కొలతలూ అక్కర్లేదు."

"వదినా..."

"ముందు ఈ గ్లాసు ఖాళీ చెయ్యి. మొత్తం తాగు. నా ముందే తాగు. తప్పు నాదే చిట్టీ. అక్కడ తాళం వేసింది ఆయనైతే, ఇక్కడ నీకు తలుపేసింది నేను."