ముద్దు మీద ఆరు చుక్కలు

అవి ఈగ రెట్టలు కావురా అబ్బాయ్, గోకకు! చుక్కలు. మా యూదుల గ్రంథంలో ఆ ఒక్క మాట మీదే, హీబ్రూలో అక్షరానికొకటి, మొత్తం ఆరు. "ముద్దు పెట్టుకున్నాడు" అని ఆ మాట. యాకోబు అన్నకి రావాల్సిన ఆశీర్వాదం కాజేసి పారిపోయాడు కదా, ఇరవై ఏళ్ళకి తిరిగొస్తుంటే ఏశావు నాలుగొందల మందితో ఎదురొచ్చాడు. చంపేస్తాడనుకుంటే మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు. మరి చుక్కలెందుకూ అంటావా? అదే మా జుండెల్ మాస్టారి బతుకంతా. ఆయనెవరా? ఆ చెప్పుల కొట్టు లేదూ, దాని వెనక గదిలో మాకు చదువు చెప్పేవాడు. పొట్టి మనిషి, పన్నెండు నెలలూ జలుబు. పూర్వం పెద్దలు రాసిపెట్టారు, అది ముద్దు కాదు, కాటు అని. కరవబోతే యాకోబు మెడ పాలరాయి అయిపోయిందట, ఏశావు పళ్ళు కదిలిపోయాయట. అందుకే ఇద్దరూ ఏడ్చారట, ఒకడు మెడ పట్టుకుని, ఒకడు దవడ పట్టుకుని. మాకది భలే ఇష్టం. ఏశావంటే మా లెక్కలో ఈ ఊళ్ళో సిలువ వేసుకునే వాళ్ళంతాను. "ముద్దా, కాటా?" అని మాస్టారు అడగ్గానే "కాటే!" అని కిటికీలు అదిరేలా అరిచేవాళ్ళం. అందరికంటే గట్టిగా నేను. ఆయన ముక్కు తుడుచుకుని, "ఒరే హిర్ష్‌కే, నీకు పళ్ళెక్కువయ్యాయిరా. ఇంకో పెద్దాయన మనసారా పెట్టుకున్నాడనే రాశాడు, అదీ చదువు. చుక్కలు పెట్టింది అనుమానించమని కాదు, కాస్త ఆగమని" అనేవాడు.

ఆయన ధైర్యమంతా పక్కింటి ప్రానాస్. బండి చక్రాలు చేసేవాడులే, వాడూ సిలువ వేసుకునేవాడే. శనివారం మేం నిప్పు ముట్టుకోం కదా, చలికాలం పొద్దున్నే వాడే వచ్చి మాస్టారి పొయ్యి రాజేసేవాడు. రాజేసి పోతాడా, పోడు. "మా ఏశావు ఎలా ఉన్నాడు మాస్టారూ?" అని అక్కడే చతికిలబడి కథ చెప్పించుకునేవాడు. ఏం చెబుతున్నాను? ఆఁ, జర్మన్లు సరిహద్దులో నేమాన్ నది దాటారని తెలిసిన రోజు. మా నాన్న బండి కట్టాడు. నేను పరుగెత్తి "ఎక్కండి మాస్టారూ" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నాకేం భయంరా, ప్రానాస్ ఉన్నాడుగా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. "వాడు కరుస్తాడు!" అని ఆయన మొహం మీదే అరిచి వచ్చేశాను. అంతే, మళ్ళీ చూడలేదు.

యుద్ధం అయ్యాక తిరిగొచ్చాను, ఒక్కణ్ణే. మంచు పడుతోంది. వీధిలో నన్ను చూసి ప్రానాస్ పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి భోరుమన్నాడు. వాడి ఒంటి మీద మాస్టారి కోటు! మోచేతి దగ్గర అతుకు మా అమ్మ వేసిందే. ఇంకేం అడుగుతాను? తోసేశాను. అప్పటికి ఊరేలుతున్నది రష్యా వాళ్ళు, మర్నాడు వాళ్ళ పోలీసు ఆఫీసుకి పోయి, వీడే మా మాస్టారిని జర్మన్లకి పట్టిచ్చాడని రాసి సంతకం పెట్టాను. "నువ్వు చూశావా?" అన్నారు. "చూశాను" అన్నాను. చూశానట! ఆ వేళకి ఎక్కడో తాష్కెంట్‌లో రొట్టె కోసం వరసలో నిలబడ్డవాణ్ణి. వారం తిరక్కుండా వాణ్ణి సైబీరియా పంపేశారు. ఆ రోజు కడుపునిండా తిన్నానురా, నిజం చెబుతున్నాను.

కొన్నేళ్ళకి ఖైదీలు ఒక్కొక్కరే ఇళ్ళకి రావడం మొదలెట్టారు. ప్రానాస్ రాలేదు. వాడి కూతురు బిరుటే వచ్చింది నా గుమ్మంలోకి. నా సంతకం చూపించారట ఆ పిల్లకి. తిట్టడానికే వచ్చిందనుకున్నాను, తిట్టినా బాగుండేది. పదకొండు రోజులు మాస్టారిని వాళ్ళ గడ్డి కొట్టంలో దాచారట. జర్మన్లు ఇల్లిల్లూ సోదా చేస్తున్నారని తెలిసి, తను దొరికితే పిల్లల్ని కూడా చంపేస్తారని ఆయనే లేచి వెళ్ళిపోయాడట. ప్రానాస్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడట, విన్లేదు. చలికాలానికి పనికొస్తుందిరా అని కోటు వాడి చేతిలో పెట్టాడట. ఇదంతా చెప్పి, ఏమడిగిందో తెలుసా? "మీరు ఆ రష్యా వాళ్ళకి కావలసిన మనిషి కదా బాబాయ్, నాన్నని ఎక్కడ పూడ్చారో మీరడిగితే చెబుతారేమో" అంది. అడుగుతానమ్మా అన్నాను. ఎలా అడగనురా? అడిగితే ఆ పాత కాగితం మళ్ళీ తీస్తారు, నేను చూడలేదని చెప్పాలి కదా. ముప్పై ఏళ్ళు దాటింది. బజార్లో ఎదురుపడితే ఇప్పటికీ ఆగుతుంది, "ఏమైనా తెలిసిందా బాబాయ్?" అని. ఇంకా లేదమ్మా అంటాను. నిన్న కూడా అడిగింది.