దమ్దిన్ ఒక్కడే చిలికిన ఐరగ్

యంజ్మా గుడారంలో గిన్నె పట్టుకుని కూర్చున్న దమ్దిన్‌కి కడుపు రగిలిపోతోంది. గుర్రపు పాలు పులియబెట్టిన ఐరగ్ ఎవరు చేసినా ఐరగే కదా, మరి జనమంతా ఈవిడ గుమ్మానికే ఎందుకు ఎగబడాలి? కుస్తీల పండక్కి ఎవరి ఐరగ్ పొయ్యాలో ఎదురుగా కూర్చున్న పెద్దాయన గాల్సన్ తాత ఇవాళ తేలుస్తాడు. ఏటా యంజ్మాదే. వచ్చినవాళ్ళంతా వాకిలి పక్కన వేలాడే తోలుసంచిలో కర్రతో నాలుగు పోట్లు చిలికి మరీ కూర్చున్నారు. దమ్దిన్ మాత్రం అటు చూడనైనా లేదు. ఆవిడ సంచికి నేనెందుకు ఊడిగం చెయ్యాలని అతని పంతం.

"బాగానే ఉందిలే," అన్నాడు గిన్నె దించి. "మా ఎర్రగుర్రం పాలు తాగిన నోటికి ఇది ఆనదు గానీ. మొన్న పితికితే రోజూ కంటే చెంబెడు ఎక్కువిచ్చింది. అదేం పెద్ద విషయం కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిందె నిండింది, తొట్టి నిండింది, మా ఆవిడ తోలుబూట్లు కూడా నిండాయి."

"దాని పిల్లకేమైనా మిగిల్చావా?" అన్నాడు గొర్రెల కాపరి నోరోవ్.

"పిల్ల ఆ పాలలో ఈత కొట్టిందయ్యా. అదంతా సంచిలో పోసి చిలికాను చూడు, నేనొక్కణ్ణే, ఇంకొకడి చెయ్యి పడలేదు. మూడో పోటుకే పొంగి, ఉబ్బి, గుడారాన్నే పైకి లేపేసింది. పొయ్యి మీద టీ తొణకలేదు, అంత నెమ్మదిగా లేచింది. కొండ మీదుగా పోతుంటే సంచి మూతి నుంచి రెండు చుక్కలు కింద తోడేళ్ళ నోట్లో పడ్డాయి. ఆ మత్తులో అవి నీ గొర్రెలకి తెల్లవార్లూ కాపలా కాశాయి నోరోవ్."

"మరి నాకు రెండు తగ్గాయేం?"

"అవీ తాగి దారి తప్పుంటాయి. విను ముందు. ఆ పైన మబ్బుకి తగిలాం. అదొక్క గుక్క పట్టించి, తూలుకుంటూ గోబీ ఎడారికి పోయి, అక్కడ ఐరగ్ కురిసింది. ఒంటెలు లేచి కుస్తీకి దిగాయి. ఇప్పటికీ అక్కడ ఇసక తవ్వితే పుల్లటి వాసనే."

యంజ్మా నవ్వుతూ అతని గిన్నె మళ్ళీ నింపింది. ఆ నవ్వుకి దమ్దిన్‌కి ఇంకా మండింది. తాగకుండా ఉండలేకపోతున్నందుకు అంతకన్నా మండింది.

"అందుకని తాతా, పండక్కి ఈసారి నా సంచి పెట్టించు."

గాల్సన్ తాత మీసం తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పినదాంట్లో ఒకటి మాత్రం నిజం రా."

"ఏది తాతా, తోడేళ్ళదా?"

"నువ్వొక్కడివే చిలికానన్నావే, అది. ఈ సంచిలో గడప దాటిన ప్రతివాడి చెయ్యీ పడింది, అందుకే ఈ రుచి. ఈ వేసవంతా నీ గుమ్మం తొక్కిందెవరు? మొన్న నేనొస్తే ఐరగ్ అయిపోయిందన్నావు. సంచి మీద దుప్పటి కప్పి మరీ చెప్పావు."

నోరోవ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. దమ్దిన్ లేచాడు. వాకిలి దాకా వెళ్ళి, ఏమనుకున్నాడో ఏమో, కర్ర పట్టుకుని సంచిలో దబదబా పొడవసాగాడు.

"మెల్లగా అన్నా," అంది యంజ్మా. "నీ కడుపుమంటంతా అందులో కలపకు. పండక్కి పోవాల్సిన సరుకది."