తన వార్డులోనే చాప మీద కూర్చున్న సిస్టరుగారు

1949 జూలై 11వ తేదీన శ్రీమతి దానమ్మగారు స్టాఫ్ నర్సుగా ప్రభుత్వ సేవలో ప్రవేశించారు. అప్పటికి ఆంధ్రరాష్ట్రమే ఏర్పడలేదు. కాలువ గట్ల వెంట నడిచి వెళ్లి డెల్టా పల్లెల్లో కలరా టీకాలు వేసిన ఆ తొలినాళ్ల నుంచి, 1956లో మన తాలూకా ఆసుపత్రికి బదిలీపై వచ్చి, 1963లో పురుషుల సర్జికల్ వార్డుకు ఇన్‌చార్జి సిస్టరుగా పదోన్నతి పొందేవరకు, వారి సర్వీసు రిజిస్టరులో ఒక్క మచ్చ లేదు. వారి వార్డులో నేల అద్దంలా మెరిసేది; ఎవరి గొంతూ పైకి లేచేది కాదు. ఆ నిశ్శబ్దాన్ని అధికారులు క్రమశిక్షణగా కొనియాడగా, దానమ్మగారూ అలాగే భావించి గర్వించారు.

1971 ఆగస్టులో దానమ్మగారు వారం రోజుల సెలవులో ఉండగా, ఒక మధ్యాహ్నం వారి భర్త, హైస్కూలు లెక్కల మాస్టారు ఇశ్రాయేలుగారు, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయారు. దానమ్మగారు చేయి వేసి చూడగానే అపెండిక్స్ అని గ్రహించి, వారిని ఆ ఊళ్లోనే రిక్షా తొక్కే నాగుల్ మీరా బండిలో ఎక్కించారు.

“బస్టాండుకి పోనీ. టాక్సీ మాట్లాడుకుని బెజవాడ వెళ్లాలి. గవర్నర్‌పేటలో నర్సింగ్ హోం ఉంది.”

నాగుల్ మీరా పెడల్ మీద కాలు వేయలేదు. “సిస్టరమ్మగారూ, నా ఇంటిదానికి పురుడు మీ ఆస్పత్రిలోనే పోశారు గదండీ. అది మాకు మంచిదై, సారుకి పనికిరాకుండా పోయిందాండీ?”

పదిహేనేళ్లుగా ఎందరెందరినో ఆ మంచాల మీద పడుకోబెట్టిన దానమ్మగారికి, తన మనిషి వంతు వచ్చేసరికి ఆ ఆసుపత్రి గుర్తుకే రాలేదు. రిక్షాను ఆసుపత్రి వైపు తిప్పమన్నారు.

సర్జన్ వెంకటసుబ్బారావుగారు ఆపరేషన్ ముగించి బయటకు వచ్చారు. “పగిలిపోయిందమ్మా. బెజవాడ బయల్దేరి ఉంటే దారిలోనే పోయేవారు.”

వారి వార్డులోనే ఖాళీ మంచం లేదు. ఒకటి ఖాళీ చేయిస్తామని డ్యూటీ నర్సు అంటే, “ఎవర్ని కింద పడుకోబెడతావు?” అని దానమ్మగారే వారించి, నేల మీద పడుకోబెట్టిన భర్త పక్కన చాప మీద కూర్చుని కన్నీరు పెట్టుకున్నారు. పక్క మంచం దగ్గర మెహబూబ్ బీ అనే ఆవిడ ఉన్నారు. మూడు రోజుల కిందటే తమ్ముడిని చేర్పించిన ఆవిడకు, మామూలు చీరలో ఉన్న ఈమె ఎవరో తెలియదు.

“గట్టిగా ఏడవకమ్మా,” అని ఆవిడ గుసగుసలాడారు. “ఈ వార్డుకో సిస్టరుందంట. ఏమైందని నోరు తెరిచి అడిగితే బయటికి పంపేస్తదంట. లీవులో ఉంది, మన అదృష్టం. మా తమ్ముడికి ఏం ఆపరేషన్ చేశారో ఇప్పటికీ మాకు తెలవదు. చేతిలో డబ్బుంటే మేమూ ప్రైవేటుకే పోదుము. ఆడ కూడా మందు ఇదేనంటమ్మా, కాకపోతే మాట చెప్తారంట.”

“ఆ సిస్టర్ని నేనేనమ్మా,” అన్నారు దానమ్మగారు.

వెళ్లగొడతారనుకుని మెహబూబ్ బీ తమ్ముడి దుప్పటి మడతపెట్టసాగారు. తిట్టి ఉంటే భరించేవారేమో గాని, ఆ మడతలు చూసి దానమ్మగారు నిలువునా కుంగిపోయారు. లేచి ఆవిడ చేతులు పట్టుకున్నారు.

“కూర్చోమ్మా. తప్పు నాది.” కేసు షీటు తెప్పించి చదివారు. “మీ తమ్ముడికి పేగు జారింది. లోపలికి సర్ది కుట్టారు. పది రోజుల్లో నడుస్తాడు.”

“అంతేనా అమ్మా? బతుకుతాడా?” అని మెహబూబ్ బీ భోరుమన్నారు. మూడు రోజులుగా ఆవిడ తమ్ముడు చనిపోతున్నాడనే అనుకుంటున్నారు.

సెలవు ముగిసింది మొదలు ఈ ఏడేళ్లూ, రోజూ సాయంత్రం నాలుగింటికి దానమ్మగారు ప్రతి మంచం పక్కనా స్టూలు వేసుకుని, రోగమేమిటో, చేసిన వైద్యమేమిటో రోగికీ బంధువులకూ విడమరచి చెప్పారు. కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ పై ఉదంతాన్ని తన పేరుతోనే, ఏదీ దాచకుండా వినిపించారు. విన్న ప్రతిసారీ, వారితో పనిచేసిన మాకు అది మా కథే అనిపించింది. ఎందుకంటే మాలోనూ చాలామందిమి ఇంట్లో జ్వరం వస్తే బెజవాడ బస్సు ఎక్కేవాళ్లమే.

1978 జూలై 31న పదవీ విరమణ చేస్తున్న దానమ్మగారు, ఇశ్రాయేలు మాస్టారితో కలసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. ఏనాడైనా వారు ఈ గుమ్మంలోకి రోగిగా అడుగుపెట్టవలసి వస్తే, డ్యూటీలో ఉన్నవారెవరూ వారిని గుర్తుపట్టకపోయినా సరే, ఎదురెళ్లి పలకరించి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పే చోటుగా ఈ ఆసుపత్రి ఉండాలని కోరుకుంటున్నాం.