తొంభై మార్కుల గీత

వరదలో కనబడకుండా పోయినవాళ్ళ పేర్లనూ, ఆసుపత్రులవాళ్ళు రాసుకున్న పేర్లనూ జతపరిచే సాఫ్ట్‌వేర్‌ను ఉన్న రెండింటిలోంచి ఆ సాయంత్రంలోగా ఎంచుకోవాలి. సహాయ కార్యాలయంలో కంప్యూటరు ముందు మరిది. విచారణ కిటికీ దగ్గర పనిచేసే వదిన అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"తొంభై ఎందుకు పెట్టావు? నిన్నటిదాకా రెండు పేర్లూ నూటికి డెబ్బై మార్కులు కలిస్తే చాలన్నావుగా?"

"నిన్న అన్నాను. ఇవాళ ఆలోచించాను."

"ఏమని?"

"డెబ్బై అంటే చెత్తంతా పట్టుకొస్తుంది వదినా. సగం ఊరు ఒకే మనిషంటుంది. తొంభై అయితే శుభ్రంగా ఉంటుంది."

"శుభ్రంగానా! ఆసుపత్రిలో చెవికి వినపడ్డట్టు రాస్తారు. ఒత్తు ఎగిరిపోతుంది, దీర్ఘం పోతుంది, ఇంటిపేరు వెనక్కెళ్తుంది. అవి దొరుకుతాయా?"

"కొన్ని."

"మరి ఆ రెండోది? పలికే తీరునిబట్టి వెతికేది?"

"దాని సంగతొద్దు."

"అదే మంచిదని నువ్వే కదా..."

"వద్దన్నానుగా! మొన్న అది చూపించిన పేరు పట్టుకుని ఆ తాత ఆసుపత్రికి పరిగెత్తాడు. తీరా చూస్తే మంచమ్మీద వేరే ఎవరో. తిరిగొచ్చి నీ ముందే కదా ఏడ్చాడు?"

"నా ముందే. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, 'ఇంకో పేరు చూడమ్మా' అన్నాడు. అది చెప్పవేం?"

"నన్ను పని చేసుకోనీ వదినా."

"పొద్దున పరీక్షకని ఎవరి పేరు కొట్టావు?"

"అన్న పేరేం కాదు."

"మీ అన్న పేరని నేనన్నానా? భుజాలెందుకు తడుముకుంటావు?"

"ఏదో ఒక పేరులే."

"ఎన్ని మార్కులొచ్చాయి?"

"వదినా..."

"ఎన్ని?"

"ఎనభై రెండు. చనిపోయినవాళ్ళలో. చేర్చుకునేటప్పుడు పేరొక్కటి చెప్పగలిగాడట, అదీ సరిగ్గా వినపడలేదట. మనవాడు కాకపోవచ్చు వదినా! మిషనుకేం తెలుసు?"

"అందుకని గీత తొంభైకి జరిపావు."

"అమ్మకెలా చెప్పను? నీకెలా చెప్పను?"

"ఆ గీత కింద ఇంకెంతమంది ఆగిపోయారు?"

"చూడలేదు. చూసే ధైర్యం లేదు."

"చూడు. ఆ రెండోదే పెట్టు, డెబ్బైకి దించు. తప్పులొస్తే రానీ. ముందు మనమే ఫోన్ చేసి, వయసూ ఆనవాళ్ళూ సరిచూసుకున్నాకే ఇంటివాళ్ళకి చెబుదాం."

"అన్న పేరు వస్తుంది వదినా. మొదటి పేజీలోనే వస్తుంది. నీకు భయం లేదూ?"

"ఆసుపత్రులన్నీ తిరిగి, చనిపోయినవాళ్ళకి తీసిన ఫొటోల్లో ఎప్పుడో చూశాను నాయనా. ఆయనే. అన్న కోసమని ఈ పనిలో చేరావు... దొరికాడని తెలిస్తే లేచి వెళ్ళిపోతావేమో, కిటికీ అవతల నిలబడ్డవాళ్ళకి ఇంకెవరున్నారని నోరు విప్పలేదు."