చిన్న వైరు

షెడ్డులో పాత చిన్న ట్రాక్టరు, బానెట్ ఎత్తి ఉంది. ఇంజను దగ్గర కోడలు. పక్కన పీట మీద మామ, చేతిలో మీటరు.

"మళ్ళీ చెప్పండి మామయ్యా. ఎంత?"

"పన్నెండున్నర వోల్టులు."

"అది ఇంజను ఆపి ఉన్నప్పుడు. ఇప్పుడు నడుస్తోంది కదా. ఇప్పుడెంత?"

"పన్నెండు పాయింటు మూడు. చెప్పాను కదమ్మా, ఆల్టర్నేటర్ పోయిందని. బ్యాటరీకి చార్జింగ్ ఎక్కితే పద్నాలుగు రావాలి, రావట్లేదు. ఇక కట్టెయ్యి. డీజిలు దండగ."

"పోయిందో లేదో చూద్దాం."

"చూసేదేముంది. నీ మొగుడు నిక్కర్లేసుకునే రోజుల్లో కొన్నాను దీన్ని. దీని దగ్గు, తుమ్ము అన్నీ నాకు తెలుసు."

"అందుకే మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. బెల్టు చూశాను, బొటనవేలితో నొక్కితే ఎంత దిగాలో అంతే దిగుతోంది. బ్యాటరీ నిన్న కొట్టుకి పట్టుకెళ్ళాను. కొట్టువాడు బాగుందన్నాడు."

"వాడికేం తెలుసు. ఫోన్లు రిపేరు చేసుకునేవాడు."

"వాళ్ళన్న ఆటో ఎలక్ట్రీషియను. ఫోన్లో అంతా చెప్పాడు. ఆల్టర్నేటర్ వెనకాల రెండు వైర్లుంటాయంట..."

"ఇప్పుడు అందరూ డాక్టర్లే."

"ఒకటి లావుది, ఒకటి చిన్నది. లావుదానికి బ్యాటరీ నుంచి కరెంటు వస్తోంది, చూశాం. ఇంజను ఆపేస్తున్నాను. తాళం మాత్రం ఆన్‌లో ఉంచుతాను. ఎర్ర సూది ఆ చిన్న వైరుకి ఆనించండి, నల్లది ఇంజను ఇనుముకి. ఆనించారా?"

"ఆ."

"ఎంత?"

"ఏదో ఉంది."

"ఏదో అంటే?"

"కళ్ళజోడు తెచ్చుకోలేదమ్మా."

"ఇందాక పాయింటు మూడుతో సహా చదివారు. ఇటివ్వండి. సున్నా. మామయ్యా, ఇది సున్నా."

"ఇంకేం మరి. కాలిపోయిందన్నమాట."

"కాదంట. ఈ చిన్న వైరులో కాస్త కరెంటు వస్తేనే ఆల్టర్నేటర్ పని మొదలెడుతుందంట. అది రాకపోతే ఊరికే తిరుగుతుంది, నిద్రలో నడిచినట్టు. ఆ బల్బు ఇవ్వండి, రెండు కొసలకీ వైరు కట్టి పెట్టాను చూడండి, అది. ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస ఆల్టర్నేటర్‌కి చిన్న వైరు తగిలే ఈ పిన్నుకి."

"ముట్టుకోకు. షాకు కొడుతుంది."

"బ్యాటరీ షాకు కొట్టదని మీ మనవరాలు చిట్టికి మీరే చెప్పారు. జరగండి, స్టార్ట్ చేస్తాను... చూడండి. కళ్ళజోడు లేదు కదా, నేనే చదువుతాను. పద్నాలుగు పాయింటు ఒకటి."

"మీటరు తప్పేమో."

"పన్నెండు చూపించినప్పుడు మీటరు రైటు. పద్నాలుగు చూపిస్తే తప్పు."

"అది కాదమ్మా. పాత బండి. ఇవాళ పనిచేస్తుంది, రేపు చెయ్యదు. మొక్కల నర్సరీ వాళ్ళ ముందు మళ్ళీ పరువు పోగొట్టుకోవడం ఎందుకని."

"మొన్న అక్కడ ఏం జరిగిందో తెలుసా మీకు?"

"తెలుసు. ఆగిపోయింది."

"ఆగిపోలేదు. నేనే ఆపాను. మొక్కలు ఎక్కించాలి, ఆపమన్నారు. మళ్ళీ తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. నలుగురు మగాళ్ళు వచ్చి తోశారు. ముందు ఆవిణ్ణి దింపండ్రా, బరువు తగ్గుతుంది అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఏం చెయ్యాలో తెలీక నేనూ నవ్వాను."

"మగాళ్ళన్నాక ఏదో అంటారు."

"నర్సరీ ఆవిడ నవ్వలేదు. రేపు పొద్దున ఇంకోసారి చూస్తానంది. రేపు కూడా ఇలాగే అయితే ఏడాది పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది. అందుకే ఇవాళ దీని సంగతి తేలేదాకా నేనిక్కణ్ణించి లేవను."

"ఏడాది పని, ఏడాది పని. ఇక్కడ లేదా పని?"

"నెలకి నాలుగు రోజులుంటుంది."

"అక్కడైతే అక్కడే ఉండాలంట కదా. గది ఇస్తారంట కదా."

"ఎవరు చెప్పారు?"

"చిట్టి చెప్పింది. కొత్త స్కూలంట, బస్సులో వెళ్తుందంట, కిటికీ పక్కన కూర్చుంటుందంట."

"చిన్నపిల్ల మామయ్యా, ఏదో..."

"చిన్నపిల్ల కాబట్టే చెప్పింది. పెద్దవాళ్ళు చెప్పలేదు."

"పని ఖాయమయ్యాక చెబుదామనుకున్నాను."

"ఖాయమయ్యాక ఇంకేం చెబుతావు. సామాను ఎక్కించేటప్పుడు వచ్చి ఓ చెయ్యి వెయ్యమని చెబుతావు."

"ఆ మాట తర్వాత. ఈ చిన్న వైరు ఎటు పోతుంది?"

"ఎటో పోతుంది."

"పైకి పోతోంది. డ్యాష్‌బోర్డు కిందకి."

"అక్కడ చెయ్యి పెట్టకు. పాత వైర్లు, ముట్టుకుంటే పెళ్ళలుగా ఊడిపోతాయి. తర్వాత మనవల్ల కాదు."

"తాళం ఆన్ చెయ్యగానే ఇక్కడ ఎర్ర లైటు వెలగాలి కదా? బ్యాటరీ బొమ్మ ఉన్నది. వెలగట్లేదు."

"అది పోయి ఏళ్ళయింది. అయినా లైటుకీ దీనికీ ఏం సంబంధం?"

"ఆదివారం మీరు ఇసుకకి వెళ్ళినప్పుడు వెలిగింది."

"ఎవరు చూశారు?"

"నేను. వాకిలి ఊడుస్తున్నాను. మీరు తాళం తిప్పగానే ఎర్రగా వెలిగింది, ఇంజను అందుకోగానే ఆరిపోయింది. ఆ రోజంతా మీ దగ్గర ఒక్కసారి కూడా మొరాయించలేదు."

"నాకు అలవాటమ్మా. నీకింకా చెయ్యి తిరగలేదు."

"అదే అనుకున్నాను నేనూ. ఆడదాని చేతికిస్తే బండి ఇంతే అని అందరూ అంటుంటే, నిజమేనేమో అనుకున్నాను. తాళం ఎక్కువసేపు తిప్పుతున్నానా, లైట్లు వేసి మర్చిపోతున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ స్క్రూడ్రైవరు ఇవ్వండి."

"ఎక్కడుందో."

"మీ కాలి కింద."

"ఇదిగో."

"ఎర్ర లైటు హోల్డరు ఖాళీ. బల్బు లేదు."

"అదే కదా నేను చెప్పింది. పోయి ఏళ్ళయిందని."

"చుట్టూ వేలెడు దుమ్ముంది మామయ్యా. హోల్డరు లోపల మాత్రం లేదు. తుడిచినట్టుంది."

"గాలికి పోయుంటుంది."

"డ్యాష్‌బోర్డు లోపల గాలి. ఈ బల్బులోంచే చిన్న వైరుకి కరెంటు వెళ్ళేది. బల్బు తీసేస్తే దారి తెగిపోతుంది. ఫోన్లో ఆ ఎలక్ట్రీషియనుకి చివర్లో గుర్తొచ్చింది, పాత బండి కదా, ఓసారి బల్బు కూడా చూడమ్మా అన్నాడు. మీకు మాత్రం ముందునుంచీ తెలుసు."

"నాకెలా తెలుస్తుంది?"

"మీ అబ్బాయి చెప్పేవాడు. ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేస్తే మా నాన్న ఒక్క బల్బు మార్చి బండి నడిపించాడని. ఇంటికి ఎవరొచ్చినా అదే కథ చెప్పేవాడు."

"వాడు... వాడు అన్నీ గొప్పలే చెప్పేవాడు."

"బల్బు ఇవ్వండి."

"ఏ బల్బు?"

"మామయ్యా."

"కళ్ళజోడు పెట్టెలో ఉంది."

"తెచ్చుకోలేదన్నారు."

"కళ్ళజోడు తెచ్చుకోలేదు. పెట్టె తెచ్చుకున్నాను."

"ఇవ్వండి... వెలిగింది. స్టార్ట్ చేస్తున్నాను... ఆరింది. పద్నాలుగు పాయింటు ఒకటి."

"బండిని పాడు చెయ్యలేదమ్మా నేను. ఒక్క వైరు కొయ్యలేదు. బల్బు తీశాను, మళ్ళీ పెట్టాను. అంతే."

"ఎన్నిసార్లు?"

"నువ్వు ఆ నర్సరీ మాట ఎత్తినప్పటినుంచి. నువ్వు బండి తీసే రోజు తీసేవాణ్ణి. నేను తీసే రోజు పెట్టుకునేవాణ్ణి."

"నలుగురిలో నన్ను చూసి నవ్వుతారని తెలీదా?"

"నవ్వితే మానేస్తావనుకున్నాను. మానేస్తే ఇంట్లో ఉంటావనుకున్నాను. వాడెలాగూ పోయాడు. నువ్వూ చిట్టీ కూడా వెళ్ళిపోతే నేనెవరితో మాట్లాడాలి, ఈ షెడ్డుతోనా? నన్నొక మాట అడిగావా అసలు? పిల్లతో చెప్పావు, ఫోన్లో ఎవడితోనో చెప్పావు. నాతో చెప్పలేదు."

"చెప్పలేదు. తప్పే. మీరు అడిగారా, వెళ్ళొద్దని?"

"ఎలా అడగను? కొడుకు పోయాక కోడల్ని ఉండమనడానికి నాకేం హక్కుంది. నోరు రాలేదు."

"బల్బు తియ్యడానికి చెయ్యి వచ్చింది."

"ఆ మాటనెయ్యి. ఇంకా ఏమైనా అను. పడతాను."

"అనను."

"రేపు వెళ్తావా?"

"తెల్లవారగానే."

"వెళ్ళు. బండి ఎప్పుడో వాడికిచ్చేశాను, కాబట్టి నీదే. ఇంక చెయ్యి పెట్టను. కాకపోతే పిల్లతో ఆ ఒక్క గదిలో ఎలా సర్దుకుంటారో చూసుకో."

"ఒక్క గది కాదు మామయ్యా. మొదటిరోజే ఆవిడతో మాట్లాడాను. చిట్టికీ నాకూ ఒకటి, మీకొకటి. మీరు మెట్లెక్కలేరు, కింద గదులే కావాలని పట్టుబట్టాను, సరేనంది. రేపు వెళ్ళగానే, పైన మా ఇద్దరికీ ఒక్క గది చాలని చెప్తాను."