అలెప్పో సగం

కైరోలో ఊద్ అనే తంత్రీవాద్యం నేర్పే గది. మర్నాడే పరీక్ష. పెద్దాయన అప్పటికి ఏడోసారి అమ్మాయి వాయింపు ఆపించాడు.

“ఆపు తల్లీ, ఆపు! ఆ మూడో స్వరం మళ్ళీ పైకెక్కి కూర్చుంది.”

“ఉస్తాద్, పంక్తి మొదట్లో స్వరం దించమనే ఫ్లాట్ గుర్తుకి అడ్డగీత కొట్టి ఉంది. సగమే దించమనేగా? సగమే దించాను.”

“ఎంత సగం?”

“సగమంటే సగమేనండీ!”

“గుర్తు దించమంటుంది గానీ, ఎంతో చెప్పదు. అది చెవి చెప్పాలి. నీ చెవికేం రోగం?”

“నా చెవి బాగానే ఉంది. మా అమ్మ ఇలాగే పాడేది.”

“ఆవిడకెవరు నేర్పారట?”

“వాళ్ళమ్మ. అలెప్పోలో.”

పెద్దాయన గతుక్కుమన్నాడు. అలెప్పో వాళ్ళ సగం కైరో సగానికి వెంట్రుకవాసి పైన ఉంటుందని ఆయనకి తెలియంది కాదు.

“ఆర్నెల్లుగా తిడుతున్నానే, ఆ ముక్క చెప్పి చావొచ్చుగా?”

“మీరు నోరెత్తనిస్తేగా!”

“సరే, విను. పరీక్ష పెట్టేవాళ్ళంతా ఈ ఊరివాళ్ళే. రేపొక్కరోజు కిందికి దించు.”

“ఎల్లుండి?”

“ఎల్లుండి నా ముందు మీ అమ్మ స్వరాన్ని వెంట్రుకవాసి దించావో, ఆ ఊద్ లాక్కుంటాను!”